ప్రమీలమ్మ మడమ, వెంకటప్పయ్యగారి కల్లం

మా అక్క ప్రమీలమ్మకు పొగరని ఊళ్ళో ఒక మాట ఉంది. అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోటికోడలు. మా బావ జ్ఞానయ్య భార్య. పొగరు లేదని నేనూ అనను. మిరపకోత ముఠాకు మేస్త్రిగా ఉంటూ, తెల్లారేసరికి ఆటో నిండా ఆడవాళ్ళను ఎక్కించి చేలో దింపి, అటు రైతు చేత, ఇటు కూలీల చేత మాట పడకుండా పొద్దు గడపడం పొగరు లేకుండా ఎవరికైనా చేతనైతే వచ్చి చేసి చూపించమనండి. నేను ఆశా కార్యకర్తను. ఊళ్ళో ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, ఎవరు నీళ్ళోసుకున్నారు అన్నీ నాకు నోటికే వచ్చు. ఈ మధ్య మా అక్క కల్లంలో పొగరు చూపిందని జనం ఒక కథ చెప్పుకుంటున్నారు. అందులో ఆమె మడమ ఊసే లేదు. మడమ సంగతి వదిలేసి ఆ కథ చెబితే అది ఉత్త అబద్ధం. అది వినీ వినీ ఒళ్ళు మండి నేనే చెబుతున్నాను.

మాది నరసరావుపేట నుంచి నకరికల్లు వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి వెళితే వచ్చే ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప ఇంకో పైరు అడగకండి. జనవరిలో కోతలు మొదలైతే ఎండలు ముదిరేదాకా ముఠాకు ఊపిరాడదు. కోసిన కాయను కల్లానికి చేర్చాలి, పల్చగా పరిచి ఎండబెట్టాలి, తెల్లబడిన తాలుకాయ ఏరెయ్యాలి, మంచికాయను టిక్కీలకెత్తాలి. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి మూతి కుట్టే పెద్ద గోతం. తాలు ఏరేవాళ్ళు వరసగా కూర్చుంటారు. మేస్త్రికి ఆ భాగ్యం లేదు. పొద్దు వాలేదాకా కాళ్ళ మీదే ఉండి, కాయ ఎక్కడ మెత్తగా ఉందో ఎక్కడ ఎండిందో చూస్తూ తిరగాలి. కాలు పనిచేయని రోజున మేస్త్రి పని పోతుంది. ఇంటికెళ్ళి కూర్చోవాల్సిందే.

ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద కల్లం వెంకటప్పయ్యగారిది. మట్టి కల్లంలో కాయకు దుమ్ము పడుతోందని ఆయన మాచర్ల వైపు నుంచి నాపరాళ్ళు తెప్పించి పరిపించారు. చూడ్డానికి కల్యాణమండపం హాలులా ఉంటుంది. మా ముఠాకు సీజనంతా ఎక్కువ పని ఆయన దగ్గరే. ఆ కల్లంలోకే కాదు, మా వైపు ఏ కల్లంలోకీ చెప్పులతో అడుగుపెట్టరు. పంట లక్ష్మి, లక్ష్మి దగ్గరికి చెప్పులతో పోతామా అంటారు. చెప్పులన్నీ గట్టు మీద వరసగా విడిచిపెట్టి, వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాలి. ఎండలో నాపరాయి ఎలా ఉంటుందో నిలబడ్డవాళ్ళకు తెలుస్తుంది. మంచం మీద కూర్చున్నవాళ్ళకు తెలియదు.

ఆ కల్లంలో మా అక్కకు పెద్ద పేరు. పరిచిన కాయను పూటపూటా తిరగెయ్యాలి కదా, కొందరు కర్రతో తిరగేస్తారు. కర్రకు కాయ చిట్లి గింజ రాలుతుంది. అక్క పాదంతో తిరగేస్తుంది. మునివేళ్ళ మీద బరువు నిలిపి, పాదాన్ని రాతికి రాస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు సాలు దున్నినట్టు వెళుతుంది. ఒక్క కాయ చిట్లదు. ప్రమీలమ్మ కాలు పెట్టిన కాయకు రంగు పోదని వెంకటప్పయ్యగారు బేరగాళ్ళ ముందు గొప్పగా చెప్పేవారు. ఆ మాట విని అక్క పొంగిపోయేది. ఏళ్ళ తరబడి ఆ రాతి మీద అలా రాసీ రాసీ కాలు తెచ్చుకున్నదేమిటో అప్పుడు ఎవరికి తెలుసు?

నొప్పి పొద్దున్నే వచ్చేది. మంచం దిగి ఎడమకాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టు ఉండేదట. గోడ పట్టుకుని కాసేపు నడిస్తే సర్దుకునేది. సాయంత్రానికి మళ్ళీ మొదలు. అక్క ఎవరికీ చెప్పలేదు. కుంటుకుంటూ వచ్చే మేస్త్రి మాట ఎవరు వింటారని ఆమె భయం. గుట్టుగా ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు వేసి, మడమ ఆనించి అదిమేది. ఆకు కాలిన వాసన మా ఇంట్లోకి వస్తుంటే పక్కింట్లో ఏం వండుతున్నారా అనుకునేదాన్ని. ఒకరోజు ఇటుక మరీ కాలి మడమ బొబ్బెక్కింది. అప్పుడు బయటపడింది అమ్మగారి రహస్యం. నేను నానా మాటలూ అన్నాను. ఇంట్లో ఆశా కార్యకర్తను పెట్టుకుని జిల్లేడాకు వైద్యమా అని అడిగితే, నీ దగ్గర గర్భిణీలకు మాత్రలే గదా ఉండేది అంది.

మా ఊరికి డాక్టరంటే ముబారక్. తాను డాక్టరు చదువు చదవలేదని ఆయనే చెబుతాడు, దాపరికం లేదు. పిలిస్తే వానలోనైనా బండి మీద వస్తాడు, అది కూడా చెప్పాలి. ఆయన తుంటికి ఒక సూది వేశాడు. ఆ సూది పనల్లా ఒళ్ళంతటికీ నొప్పి తెలియకుండా చెయ్యడమే. రెండు రోజులు బాగానే ఉండేది, మూడోనాడు మళ్ళీ గోడ పట్టుకునేది. అయినా అక్క ఆ సూదులు వేయించుకుంటూనే పోయింది. చివరికి కడుపులో మంట మొదలై అన్నం మానేస్తే, ఇక నేను ఊరుకోలేదు. నరసరావుపేట బస్సెక్కించాను. పేట అంటే మాకు నరసరావుపేటే.

అక్కడ ఎముకల ఆసుపత్రిలో వందన అనే డాక్టరమ్మ ఉంది. చిన్నపిల్ల. ఎక్స్‌రే తీసి చూపించింది. మడమ ఎముకకు చిన్న ముల్లులాంటిది కనబడింది. ఎముక పెరిగిందా తల్లీ అని అక్క బావురుమంది. ఆ ముల్లు చాలామందికి ఉంటుందనీ, నొప్పి లేనివాళ్ళకూ ఉంటుందనీ, అసలు దెబ్బ దానికి కాదనీ డాక్టరమ్మ చెప్పింది. మడమ నుంచి కాలివేళ్ళ దాకా అరికాలి కింద పట్టీలాంటి కండ ఒకటి ఉంటుందట. గట్టి నేల మీద గంటలకొద్దీ నిలబడితే అది మడమ దగ్గర నలిగిపోతుందట. మెత్తటి చెప్పులు వేసుకోవాలి, ఇంట్లో కూడా విడవకూడదు, పొద్దున్నే మంచం మీదే తువ్వాలుతో పాదాన్ని వెనక్కి లాగి సాగదీయాలి, నాపరాయి మీద వట్టి కాళ్ళతో నిలబడకూడదు. సూది సంగతి ఆ తర్వాత చూద్దాం అంది.

అక్క అంతా విని తలూపింది. బయటికి వచ్చాక, చెప్పులతో కల్లంలోకి ఎవరు పోనిస్తారే పిచ్చిదానా అంది. తువ్వాలు మాత్రం లాగింది. చెప్పులు వాకిట్లోనే ఉండిపోయాయి. సీజను దగ్గరపడేసరికి నొప్పి మండిపోతోంది. మళ్ళీ పేట వెళ్ళి సూది వెయ్యమని కూర్చుంది. డాక్టరమ్మ వేసింది. అది స్టెరాయిడ్ సూది. సరిగ్గా నొప్పి ఉన్నచోట, మడమ పక్క నుంచి గుచ్చుతారు. కాన్పుల గదిలో ఎంతమంది ఆడవాళ్ళ చేతులు పట్టుకున్నానో లెక్కలేదు గానీ, ఆ రోజు మా అక్క నొక్కినంతగా నా చెయ్యి ఎవరూ నొక్కలేదు.

ఆ సూది మహిమ ఏమని చెప్పను! వారం తిరక్కముందే అక్క మంచం దిగి నేరుగా నడిచింది. మా వాకిట్లోకొచ్చి ఎడమకాలు నేలకేసి టపటపా కొట్టి చూపించింది. ఊరంతా చెప్పింది. ముఠాలో మడమ నొప్పి ఉన్నవాళ్ళంతా పేట సూది, పేట సూది అని కలవరించారు. అక్కడే మావాళ్ళు తప్పు చేశారు. నొప్పి పోయిందంటే జబ్బు పోయిందనుకున్నారు. డాక్టరమ్మ చెప్పిన చెప్పులు గానీ, సాగదీయడం గానీ ఎవరికీ గుర్తులేవు. అక్క ఆ సీజనంతా నాపరాళ్ళ మీద వట్టి కాళ్ళతో కాయ తిరగేసింది, వెనకటికన్నా ఉత్సాహంగా. మడమ మూగబోయింది కాబట్టి లోపల ఏమవుతోందో తెలియలేదు.

మార్చి చివర్లో నొప్పి తిరిగొచ్చింది. ఈసారి ఇంకా ఎక్కువగా. కోతలు ముమ్మరంగా ఉన్నాయి, ఆగడానికి లేదు. వెళ్ళి రెండో సూది వేయించుకుంది. అది మొదటిదానిలా పనిచేయలేదు. కోతలు అయ్యీ అవకముందే మళ్ళీ గోడ పట్టుకుంది. మూడో సూది వెయ్యమంటే డాక్టరమ్మ వెయ్యనంటే వెయ్యనంది. అక్కకు కోపం వచ్చింది. మందు ఉండి కూడా వెయ్యవా తల్లీ, మాలాంటోళ్ళ కాళ్ళు కాళ్ళు కావా అని అడిగేసింది. డాక్టరమ్మ ఏమీ నొచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, పాదం తన ఒళ్ళో పెట్టుకుని, వేలితో తాకుతూ వివరంగా చెప్పింది.

స్టెరాయిడ్ సూది వాపును అణుస్తుంది. త్వరగా పనిచేస్తుంది, త్వరగా వదిలేస్తుంది. పదేపదే వేస్తే ఆ కండ పట్టీ బలహీనపడి తెగే ప్రమాదం ఉంది. మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు కూడా కరిగిపోవచ్చు, కరిగితే మళ్ళీ రాదు. ఇక రెండోది, మన రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, అందులో గాయాన్ని మాన్పే భాగాన్ని వేరుచేసి మడమలోకి ఎక్కించే పద్ధతి. పీఆర్‌పీ అంటారట. అది వెంటనే పనిచేయదు. మొదట నొప్పి పెరుగుతుంది కూడా. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. కానీ ఆర్నెల్ల తర్వాత చూస్తే చాలామందికి స్టెరాయిడ్ కన్నా ఇదే నిలబడుతోందని అంటున్నారు, అందరికీ అని మాత్రం నేను చెప్పలేను అంది. ఇంకా ఏవేవో ఉన్నాయట. పంచదారలాంటి ద్రావణం ఎక్కించేది ఒకటి, పట్నంలో ముఖం ముడతలకు వాడే మందే మడమకు వేసేది ఇంకొకటి. ముడతల మందు అనగానే అక్క నా మొహం చూసి, అది నీకు వేయిద్దాంలే అంది. అంత నొప్పిలోనూ ఆ నోరు ఊరుకోదు.

నేను ఒక్కటే అడిగాను. మీ అమ్మకైతే ఏది వేస్తారు అని.

"మా అమ్మకైతే రక్తం సూది వేస్తాను. వేశాక మళ్ళీ వట్టి కాళ్ళతో రాతి మీద నిలబడతానంటే మాత్రం ఏదీ వెయ్యను. రెండూ దండగే."

తిరుగు బస్సులో ఊరు దగ్గరపడ్డాక అక్క, జూన్‌లో వేయించుకుంటా, అప్పుడు పన్లుండవు అంది. చెప్పుల సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

రక్తం సూది మాట ఊళ్ళోకి పాకగానే మొదలైంది పంచాయితీ. తన రక్తం తనకే ఎక్కించడమేంది, చేతిలోది కాలికి పంపడానికి డాక్టరెందుకు, నాలుగడుగులు నడిస్తే అదే దిగిపోదా అని అరుగుల మీద ఒకటే నవ్వులు. మా బావ జ్ఞానయ్య నవ్వలేదు, హడలిపోయాడు. పెళ్ళాం ఒంట్లో రక్తం తీసేస్తారని ఆయన గుండెలు బాదుకున్నాడు. తీసేది టీ గ్లాసుడు కూడా ఉండదు బావా అని నేను మొత్తుకున్నా వినకుండా ముందురోజే దానిమ్మకాయలు, మేక కార్జం తెచ్చి ఇంట్లో పెట్టాడు. కార్జం కూర సగం ఆయనే తిన్నాడు, అది వేరే విషయం.

జూన్‌లో, ఆసుపత్రిలో అక్క చేతిలోంచి రక్తం తీసి గొట్టాల్లో పోసి మిషన్‌లో పెట్టారు. అది గిర్రున తిరిగి ఆగాక చూస్తే రక్తం కింద పేరుకుని, పైన లేత పసుపురంగు నీరు తేలింది. ఆ పసుపు భాగంలోంచే కొంత తీసి మడమలో ఎక్కించారు. అక్క పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. వాపుకు గానీ నొప్పికి గానీ ముబారక్ వేసేలాంటి సూదులు, మాత్రలు కొన్ని వారాలు ముట్టుకోవద్దని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ వాపులోంచే గాయం మానడం మొదలవుతుందనీ, దాన్ని అణిస్తే వేసిన సూది వృథా అనీ చెప్పింది. మరీ ఓర్చుకోలేకపోతే జ్వరం మాత్ర వేసుకోమంది.

తర్వాతి రోజులు చూడాలి. కాలు వాచి, అడుగు కింద పెట్టలేక అక్క మంచానికి అతుక్కుపోయింది. మా బావ ప్రాణం ఆగక ముబారక్‌ను పిలుచుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి ఆయన సూదిలోకి మందు లాగుతున్నాడు. గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. ముబారక్ భాయ్, నీకు దణ్ణం పెడతా, ఆ సూది పక్కన పెట్టు అన్నాను. మనిషి అల్లాడిపోతుంటే చూస్తా ఊరుకోమంటావా అని ఆయన, నీ చదువు మా ఇంట్లో చూపించకు అని మా బావ. ఇద్దరూ నా మీద పడ్డారు. అప్పుడు మంచం మీంచి అక్క లేచి కూర్చుని, సూది వేస్తే ఇద్దర్నీ బయటికి గెంటుతానంది. ముబారక్ ఆ మందు పారబోసి, నేనిచ్చిన మాత్ర తానే మంచినీళ్ళతో అందించి, టీ తాగి వెళ్ళాడు. మంచివాడే.

జూలై అయ్యేసరికి వాపు పోయింది. ఆగస్టులో మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసింది. నారు నాటే రోజులకు చేలోకి వెళ్ళింది, మెత్తటి చెప్పులతోనే. షుగరు ఉన్నవాళ్ళు వేసుకునే ఎంసీఆర్ చెప్పులు పేటలో కొనిచ్చాను. నల్లగా, ముతగ్గా ఉంటాయి. చూసి, ముసలిదాన్ని చేశావుగదే అని తిట్టింది గానీ విడవలేదు. స్నానాల గది దాకా వాటితోనే. ఇటుక, జిల్లేడాకు మర్చిపోయింది. డిసెంబరు వచ్చేసరికి ఎడమకాలికీ కుడికాలికీ తేడా లేకుండా నడుస్తోంది. స్టెరాయిడ్ సూది వారంలో ఇచ్చినదాన్ని ఈ సూది ఆర్నెల్లకు ఇచ్చింది. ఇచ్చింది మాత్రం వెనక్కి తీసుకోలేదు.

జనవరి వచ్చింది. మొదటి కోత కాయ వెంకటప్పయ్యగారి కల్లానికి చేరింది. అక్క రెండో జత చెప్పులు కొనుక్కుంది. ఆ జత కల్లానికే. బురద అంటకుండా సంచిలో వేసుకుని తీసుకెళ్ళింది. ఆ రోజు నేను కూడా కల్లం దగ్గరే ఉన్నాను. ముఠాలో ఒకామెకు బీపీ మాత్రలు ఇవ్వడానికి వచ్చాననుకోండి. అబద్ధమెందుకు, గొడవవుతుందని తెలిసే వెళ్ళాను.

అక్క గట్టు మీద కూర్చుని పాత చెప్పులు విడిచి, కొత్తవి తీసి తొడుక్కుంది. వెంకటప్పయ్యగారు వేపచెట్టు కింద మంచం మీద ఉన్నారు. పెద్ద వయసు, తెల్లటి పంచె, చేతిలో ఫోను. ఆయన్ను రాక్షసుణ్ణి చేసి చెప్పను. మా బావకు బండి యాక్సిడెంటు అయినప్పుడు తన కారు పంపింది ఆయనే. ఆయన చూసి, ఏందమ్మా ప్రమీలా ఇది, కల్లమనుకున్నావా సంతనుకున్నావా అన్నారు. అక్క ఓపిగ్గా చెప్పింది. మడమ సంగతి, సూదుల సంగతి, డాక్టరమ్మ మాట. ఈ చెప్పులు దారిన తొడగలేదనీ, కాయను తాకననీ, మధ్యలో వదిలిన బాటల్లోనే నడుస్తాననీ, తిరగెయ్యడానికి కర్ర పట్టుకుంటాననీ చెప్పింది. ఆయన అంతా విన్నారు. విని, కాలు బాగలేకపోతే ఇంటికాడ ఉండు, మేస్త్రి పని ఇంకొకళ్ళకు అప్పగిస్తాను, కల్లం కట్టు మాత్రం తప్పనివ్వను అన్నారు.

ఆర్నెల్లు నొప్పి ఓర్చుకుని సంపాదించుకున్న కాలు ఒక పక్క, పాతికేళ్ళుగా చేస్తున్న మేస్త్రి పని ఒక పక్క. చెప్పులు విడిస్తే కాలు పోతుంది, విడవకపోతే పని పోతుంది. లోపల ముఠా ఆడవాళ్ళు తాలు ఏరడం ఆపి చూస్తున్నారు. అక్క చెప్పులు విడవలేదు, లోపలికీ పోలేదు. గట్టు మీదే నిలబడింది.

అంతలో కారు వచ్చింది. చిలకలూరిపేట నుంచి కాయ కొనే ఆయన దిగాడు. తళతళలాడే బూట్లు. వెంకటప్పయ్యగారు ఎదురెళ్ళి, తన చెప్పులు గట్టు దగ్గర విడిచి, ఆయన్ను కల్లంలోకి తీసుకెళ్ళారు. ఆయన బూట్లతోనే నడిచాడు. బాటలో కాదు, పరిచిన కాయ మీదే. కాయలు పటపటమని చిట్లుతుంటే వంగి, గుప్పెడు తీసి, విరిచి వాసన చూశాడు. ఒకచోట బూటు కొసతో కాయను అటూ ఇటూ కదిలించి అడుగున తేమ ఉందేమో చూశాడు. వెంకటప్పయ్యగారు పక్కనే వట్టి కాళ్ళతో నిలబడి నవ్వుతూ మాట్లాడారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతే అక్క నా జబ్బ పట్టుకుని ఆపింది. బేరం చెడగొట్టే మనిషి కాదు ఆమె. ఆయన టీ తాగి, కారెక్కి వెళ్ళేదాకా అలాగే నిలబడింది.

కారు మలుపు తిరిగాక అడిగింది.

"ఆయన బూట్లు లక్ష్మికి ఆనలేదా పెద్దయ్యా?"

వెంకటప్పయ్యగారు తడబడ్డారు. "ఆయన కొనేవాడమ్మా."

"మేం కోసేవాళ్ళం గదా."

పెద్దాయన మంచం మీద కూర్చుండిపోయారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చివరికి మెత్తబడ్డారు. సరే, రోగమున్న మనిషివి కాబట్టి నువ్వొక్కదానివి వేసుకో, మిగతావాళ్ళు మాత్రం ఎప్పట్లాగానే అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. గెలిచాం, ఇంకేం కావాలి, పద అక్కా లోపలికి అని నేను మెల్లగా తోశాను. అక్క కదల్లేదు. కల్లంలో కూర్చున్నవాళ్ళ వైపు చూస్తోంది. కొసన కూర్చున్న మరియమ్మ కాలు చాపుకుని మడమ నలుపుకుంటోంది. పోయిన సీజనులో పేట సూది, పేట సూది అని కలవరించిన వాళ్ళలో ఆమె ఒకతి. పొద్దున గట్టు దిగేటప్పుడు మునివేళ్ళ మీద నడవడం నేనూ చూశాను.

"నాకొక్కదానికే అయితే వద్దు పెద్దయ్యా" అంది అక్క.

ఆయనకు ఈసారి నిజంగానే కోపం వచ్చింది. తగ్గేకొద్దీ నెత్తికెక్కుతున్నారనుకున్నారేమో. అక్కది ఈ ఊరే. మేనమామ కొడుకునే చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. వాళ్ళమ్మను ఆయన బాగా ఎరుగుదురు.

"మీ అమ్మ బతుకంతా ఈ కల్లంలోనే చేసింది. ఏనాడన్నా ఇట్టా నోరెత్తిందా?"

నేను అక్క మొహం చూశాను. కళ్ళలో నీళ్ళు నిండాయి.

"ఎత్తలా పెద్దయ్యా. ఆఖర్లో మా అమ్మ దొడ్లోకి డేక్కుంటా పొయ్యేది. కాలు కింద పెట్టలేక డేకేది. ఎందుకు డేకతన్నావని ఎవురూ అడగలా, ఆమె చెప్పలా. కూతుర్ని, నేనూ అడగలా. నేను డేకను. ఈళ్ళని గూడా డేకనియ్యను."

అక్క ఆయన వైపు ఇంక చూడలేదు. ముఠా వైపు తిరిగి, రోజూ పొద్దున్నే ఆటో దగ్గర అరిచే గొంతుతో అరిచింది.

"ఏమే, చూస్తా కూర్చుంటారేంది? లేచి చెప్పులేసుకోండి. కాయ తొక్కకుండా బాటెమ్మట రండి. తాలంతా అట్టానే ఉంది."

మొదట మరియమ్మ లేచింది. మునివేళ్ళ మీద గట్టు దాకా వచ్చి, పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పులు వెతుక్కుని, వాటిని పైటచెంగుతో తుడిచి తొడుక్కుంది. పెద్దాయన మొహం చూడకుండా ఆయన ముందు నుంచే నడిచి, తన చోటికెళ్ళి కూర్చుని తాలు ఏరసాగింది. ఆమె వెనక మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు.